పోల్ కిర్షేర్: ఎదుగుతున్న ఫ్రెంచ్ యువ నటుడి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పోల్ కిర్షేర్ ఎవరు?

2001 డిసెంబర్ 30న పారిస్‌లో పుట్టిన నటుడు. 2022 నుంచి 2024 వరకు ఏడాదికొకటి చొప్పున మూడు సినిమాల్లో ప్రధాన పాత్రలు వేసి, ఇరవై మూడేళ్లు నిండకముందే సాన్ సెబాస్టియన్, వెనిస్ సినిమా ఉత్సవాల్లో అవార్డులు అందుకున్నాడు. ఫ్రాన్స్ జాతీయ సినిమా అవార్డు సెజార్‌కు వరసగా రెండుసార్లు నామినేట్ అయ్యాడు. తల్లి ఇరెన్ జాకబ్, తండ్రి జెరోమ్ కిర్షేర్ ఇద్దరూ నటులే. పోలండ్ దర్శకుడు కీస్లోవ్‌స్కీ సినిమాలు చూసినవాళ్లకు తల్లిని పరిచయం చేయక్కర్లేదు. 1991లో కాన్ ఉత్సవంలో ఉత్తమ నటి ఆవిడే. తండ్రి ఎక్కువగా రంగస్థలం మీద పనిచేసే మనిషి.

2024 దాకా ఏమేం చేశాడు?

మొదటిది 2020లో వచ్చిన 'తా పెషో' అనే కుర్రకారు కామెడీ. దాన్ని లెక్కలోకి తీసుకోకపోయినా నష్టమేం లేదు. అసలు కథ ఆ తర్వాతే మొదలైంది.

2022 నవంబర్ 30న క్రిస్టోఫ్ ఒనొరే తీసిన 'లె లిసెయాన్' విడుదలైంది. ఇంగ్లీషులో దాని పేరు 'వింటర్ బాయ్'. తండ్రి కారు ప్రమాదంలో పోయాక పదిహేడేళ్ల లూకా ఎలా చెదిరిపోయాడన్నదే కథ. తల్లిగా జూలియెట్ బినోష్, అన్నగా విన్సెంట్ లాకోస్త్ చేశారు. చనిపోయే తండ్రి పాత్రను దర్శకుడే వేసుకున్నాడు.

2023 అక్టోబర్ 4న తోమా కయే సినిమా 'లె రెన్య్ అనిమల్' వచ్చింది. ఇంగ్లీషులో 'ది యానిమల్ కింగ్‌డమ్'. కొంతమంది మనుషులు ఉన్నట్టుండి జంతువులుగా మారిపోతుంటారు. ఎమీల్ అనే కుర్రాడి తల్లి అప్పటికే మారిపోయింది, ఇప్పుడు అతని వంతు వచ్చింది. తండ్రి పాత్రలో రొమాన్ ద్యూరిస్ ఉన్నాడు.

2024 డిసెంబర్ 4న లుదొవిక్, జోరాన్ బూకెర్మా అనే కవల సోదరుల సినిమా వచ్చింది. ఇంగ్లీషు పేరు 'అండ్ దెయిర్ చిల్డ్రన్ ఆఫ్టర్ దెమ్'. నికొలా మత్యూ రాసిన నవల దీనికి ఆధారం, ఆ నవలకు 2018లో ఫ్రాన్స్‌లో పేరున్న సాహిత్య పురస్కారం గోంకూర్ బహుమతి వచ్చింది. తూర్పు ఫ్రాన్స్‌లో ఫ్యాక్టరీలు మూతపడిన లొరేన్ ప్రాంతంలో 1992, 94, 96, 98 వేసవుల్లో కథ నడుస్తుంది. ఆంటొనీ అనే కుర్రాడు తండ్రికి చెప్పకుండా బైకు తీసుకుని పార్టీకి వెళతాడు, అక్కడ బైకు పోతుంది. మిగతా గొడవలన్నీ అక్కణ్నుంచే పుట్టుకొస్తాయి.

మొదట ఏది చూడాలి?

'ది యానిమల్ కింగ్‌డమ్'. ఫ్రెంచ్ సినిమా అంటే ఎవరో కిటికీ పక్కన కూర్చుని సిగరెట్ తాగుతూ మాట్లాడుకోవడమే అనుకునేవాళ్లతో కూడా కూర్చోబెట్టి చూపించవచ్చు. కథ ఉరుకుతుంది, గ్రాఫిక్స్ ఉన్నాయి, తండ్రీ కొడుకుల బంధం ఉంది. ఆ తర్వాత 'వింటర్ బాయ్' చూడండి. అది నెమ్మదిగా సాగే దుఃఖం, పైగా పెద్దలకు మాత్రమే తగిన సన్నివేశాలున్నాయి, ఇంట్లో అందరితో కలిసి చూసేది కాదు. మూడోది నవల పోకడలో సాగుతుంది కాబట్టి తీరిక ఉన్న రోజుకు అట్టిపెట్టుకోండి. మూడూ రెండు గంటలు దాటినవే.

డబ్బింగ్ కాకుండా అసలు ఫ్రెంచ్ ఆడియో పెట్టుకుని సబ్‌టైటిల్స్‌తో చూడండి. ఇతను మాటను సగం నోట్లోనే నమిలేస్తాడు, వాక్యం మధ్యలో ఆగుతాడు, ఒక్కోసారి ఊపిరి ముందొచ్చి మాట వెనకొస్తుంది. డబ్బింగ్ కళాకారుడు ఆ ఖాళీలన్నీ శుభ్రంగా పూడ్చేస్తాడు. దాంతో పాత్ర సగం పోయినట్టే.

అంతగా మెచ్చుకోవడానికి అతని నటనలో ఏముంది?

'ది యానిమల్ కింగ్‌డమ్' మొదటి నిమిషాలు చూడండి. ట్రాఫిక్‌లో ఆగిన కారులో తండ్రీ కొడుకులు చిప్స్ దగ్గర గొడవపడుతుంటారు. తండ్రి ఉపన్యాసం మొదలుపెడతాడు, కొడుకు విసుగ్గా కారు దిగిపోతాడు. ఇంతలో కాస్త దూరంలోని అంబులెన్స్ బద్దలు కొట్టుకుని రెక్కల మనిషి బయటికొస్తాడు. అంత వింత జరిగినా మనకు కుర్రాడి విసుగే గుర్తుండిపోతుంది, ఎందుకంటే ఆ విసుగు ప్రతి ఇంట్లోనూ చూసిందే.

తర్వాత శరీరం మారడం మొదలవుతుంది. ఇక్కడ చాలామంది నటులు గ్రాఫిక్స్ చూసుకుంటాయిలే అని వదిలేస్తారు, లేదా మరీ ఎక్కువ చేస్తారు. కిర్షేర్ రెండూ చేయడు. గోరు కింద నుంచి పంజా గోరు పొడుచుకొస్తుంటే అతని ముఖంలో ముందు కనిపించేది కుతూహలం. నొప్పి ఆ తర్వాత వస్తుంది, ఎవరైనా చూస్తారేమోనన్న సిగ్గు అన్నిటికన్నా ఆఖర్న. అలవాటైన సైకిల్ తొక్కడం రాకుండా పోయే సన్నివేశం కూడా అంతే. హ్యాండిల్ పట్టుకున్న చేతులు, పెడల్ మీద కాళ్లు ఒకదాని మాట ఒకటి వినవు. ఈ పని కంప్యూటర్‌తో అయ్యేది కాదు, నటుడే వెన్నునూ మోకాళ్లనూ వేరేగా వాడాలి. రెండోసారి చూసేటప్పుడు ముఖం వదిలేసి భుజాలను, నడకను మాత్రమే గమనించండి. సినిమా మొదట్లో నడిచిన కుర్రాడు, చివర్లో నడిచే కుర్రాడు ఒకరు కారు. ఆ మార్పు ఏ సన్నివేశంలో మొదలైందో పట్టుకోవడం మాత్రం కష్టం.

'వింటర్ బాయ్'లో పద్ధతి వేరు. లూకా నేరుగా కెమెరాకేసి చూస్తూ తన కథ చెప్పుకుంటాడు. ఒంటి కదలికల చాటున దాక్కోవడానికి చోటుండదు, అంతా కళ్లతో, గొంతుతో నడపాలి. ఒకే మనిషి ఏడాది తేడాతో ఈ రెండూ చేయడం వల్లే దర్శకులు ఇతన్ని సీరియస్‌గా తీసుకున్నారు.

వారసుడు కాబట్టే అవకాశాలొచ్చాయి కదా?

ఈ ప్రశ్న మన దగ్గర ఇంకా గట్టిగా వినిపిస్తుంది, అక్కడా లేకపోలేదు. వారసత్వం తలుపు తట్టడానికి పనికొస్తుందనేది నిజం. స్క్రిప్టు అంటే ఏంటో, ఆడిషన్ గదిలో ఎలా కూర్చోవాలో ఇంట్లోనే తెలిసిపోతుంది. కానీ మనకూ వాళ్లకూ ఒక తేడా ఉంది. అక్కడ తండ్రి నిర్మాతగా మారి కొడుకును లాంచ్ చేయడం, టీజర్, అభిమాన సంఘాలు, మొదటి రోజు వసూళ్ల ప్రకటన ఇవేవీ ఉండవు. కొడుకు ఒక దర్శకుడి కథలో ఇమడాలి, అంతే.

ఆ పేరు అవార్డులు తెచ్చిపెట్టలేదనడానికీ సాక్ష్యముంది. కొత్త నటుడికిచ్చే సెజార్ ఇతనికి రెండుసార్లూ చేజారింది. అదే అవార్డు 2025లో అబూ సంగారేకి దక్కింది. గినీ నుంచి వలస వచ్చి, అమియాన్ పట్టణంలో మెకానిక్ పని నేర్చుకున్న అతను అంతకుముందు నటుడే కాదు. ఫ్రాన్స్‌లో 'కాస్టింగ్ సోవాజ్' అనే పద్ధతి బాగా నడుస్తుంది. కాస్టింగ్ మనుషులు వీధుల్లో, స్కూళ్ల ముందు, సంఘాల ఆఫీసుల్లో తిరిగి నటన తెలియని ముఖాలను ఏరుకొస్తారు. కాబట్టి అక్కడ వారసుడు పోటీ పడేది తోటి వారసులతో ఒక్కటే కాదు.

ఏ అవార్డులు వచ్చాయి? ఏవి రాలేదు?

2022 సెప్టెంబర్‌లో సాన్ సెబాస్టియన్‌లో 'వింటర్ బాయ్'కి ఉత్తమ ప్రధాన నటనకిచ్చే వెండి శంఖం వచ్చింది. అక్కడ 2021 నుంచి నటుడు, నటి అని వేరుచేయడం మానేశారు. ఆ ఏడాది అవార్డును స్పెయిన్ అమ్మాయి కార్లా కిలెస్‌తో పంచుకున్నాడు.

2024లో వెనిస్‌లో మార్చెల్లో మాస్ట్రొయాని అవార్డు దక్కింది. కొత్తగా వెలుగులోకొచ్చే నటీనటులకు 1998 నుంచి ఇస్తున్నారు. 2008లో జెనిఫర్ లారెన్స్‌కు, 2016లో పౌలా బేర్‌కు వచ్చింది ఇదే. ఫ్రెంచ్ నటి ఇసబెల్ యూపేర్ ఆ ఏడు జ్యూరీ అధ్యక్షురాలు కాబట్టి సొంత మనిషికి ఇచ్చుకున్నారని అనేవాళ్లుంటారు. సినిమా చూశాక ఆ మాట నిలబడదని మా అభిప్రాయం.

సెజార్‌లో 2023లో బాస్తియాన్ బుయోన్ చేతిలో, 2024లో రఫాయెల్ కెనార్ చేతిలో ఓడిపోయాడు. 2024లో 'ది యానిమల్ కింగ్‌డమ్'కి ఏకంగా 12 నామినేషన్లు వచ్చాయి, గెలిచినవి 5. ఛాయాగ్రహణం, సౌండ్, సంగీతం, దుస్తులు, విజువల్ ఎఫెక్ట్స్‌కు వచ్చాయి తప్ప నటనకు ఒక్కటీ రాలేదు. 2025లో ఉత్తమ నటుడి తుది జాబితాలో ఇతని పేరే లేదు.

ఆ కొత్త నటుల సెజార్‌ను ఎలా ఎంపిక చేస్తారు?

ముందు ఒక కమిటీ ఆ ఏడాది సినిమాలు చూసి, ముప్పై మందికి పైగా కొత్త నటీనటులతో జాబితా వేస్తుంది. వాళ్లలో ఒక్కొక్కరికీ ఒక పేరున్న సినిమా మనిషి పెద్దదిక్కుగా ఉంటాడు, ఫొటోలు తీస్తారు, విందు జరుగుతుంది. కొత్తవాళ్లకు అవార్డు కన్నా ఈ విందే పనికొస్తుందనిపిస్తుంది, దర్శకులూ నిర్మాతలూ అందరూ ఒక్క గదిలో దొరుకుతారు కదా. తర్వాత అకాడమీ సభ్యులు రెండు దఫాలుగా ఓటేస్తారు. మొదటి దఫాలో ఐదుగురు మిగులుతారు, రెండో దఫాలో విజేత తేలతాడు.

చాలామంది పొరబడేది వయసు దగ్గర. ఇది కుర్రాళ్ల అవార్డు కాదు, తెరమీద కొత్తగా గుర్తింపు పొందిన ఎవరికైనా ఇవ్వవచ్చు. బుయోన్ గెలిచేటప్పటికి మధ్య ముప్పైలు దాటాడు, కెనార్‌కు ముప్పై దాటాయి. అప్పటికే చాలా చిన్న పాత్రలు వేసి అరిగిపోయినవాళ్లు వాళ్లు. ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల కిర్షేర్ వాళ్లముందు నిలబడటం అంత తేలిక కాదు.

ఇరవై దాటినవాడికి టీనేజ్ పాత్రలే ఎందుకిస్తున్నారు?

ఒక కారణం చట్టం. ఫ్రాన్స్‌లో పదహారేళ్లలోపు పిల్లల్ని షూటింగ్‌కు తీసుకోవాలంటే జిల్లా అధికారి అనుమతి కావాలి. దానికి వైద్య పరీక్ష, తల్లిదండ్రుల సమ్మతి, చదువుకు ఏర్పాటు చూపించాలి. రోజుకు ఇన్ని గంటలే అని పరిమితి, రాత్రి పనికి ఆంక్షలు. పారితోషికంలో చాలాభాగం మేజర్ అయ్యేదాకా ప్రభుత్వ సంస్థలో దాచాలి. అడవిలో రాత్రిపూట షూటింగ్ ఉన్న సినిమాకు ఇదంతా తలనొప్పి. అందుకే పద్దెనిమిది దాటి, ముఖం లేతగా ఉన్న నటుడు దొరికితే నిర్మాత వదలడు.

అయితే ఇందులో చిక్కు ఉంది. వరుస చూడండి: పదిహేడేళ్ల లూకా, పదహారేళ్ల ఎమీల్, పద్నాలుగేళ్ల దగ్గర మొదలయ్యే ఆంటొనీ. నటుడి వయసు పెరుగుతుంటే పాత్రల వయసు తగ్గుతూ వచ్చింది. ఇంకో సంగతి, ముగ్గురూ కొడుకులే. ఒకరికి తండ్రి చచ్చిపోతాడు, ఇంకొకరి తండ్రి తప్పిపోయిన భార్య కోసం వెతుకుతుంటాడు, మూడోవాడి తండ్రి తాగుబోతు. ప్రతి సినిమాలోనూ ఎదురుగా బినోష్, ద్యూరిస్, జిల్ లెలూష్ లాంటి గట్టి పెద్దలున్నారు. మంచి పెద్ద నటుడి ఎదుట కుర్రాడు ఎప్పుడూ బాగా కనిపిస్తాడు. అమ్మానాన్నా లేని పాత్రలో, తెరమీద తనే పెద్దవాడిగా నిలబడితే ఎలా ఉంటాడన్నది ఈ మూడింటిలో తేలలేదు. ఎదుగుదల అసలు పరీక్ష అక్కడుంది, అవార్డుల దగ్గర కాదు.

ఏడాదికొక్క సినిమాతో అక్కడి యువ నటులు ఎలా నెట్టుకొస్తారు?

పెద్ద పేరున్నవాళ్ల సంగతి వేరు. మిగతావాళ్లను నిలబెట్టేది 'ఎంతెర్మితాన్' విధానం, అంటే పని దొరకని రోజులకు నటులకూ సాంకేతికులకూ ఇచ్చే నిరుద్యోగ భృతి. పన్నెండు నెలల్లో 507 గంటల పని చూపిస్తే అర్హత వస్తుంది. రోజు లెక్కన తీసుకునే పారితోషికం ఒక్కోదాన్ని 12 గంటలుగా లెక్కేస్తారు. అంటే 43 రోజులు కావాలి.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఎనిమిది వారాల షూటింగ్‌లో వారానికి ఐదు రోజుల చొప్పున 40 రోజులు పనిచేసిన హీరోకు 480 గంటలే వస్తాయి. ఇంకా 27 గంటలు తక్కువ, అంటే మరో మూడు రోజుల పని వెతుక్కోవాలి. అందుకే ప్రధాన పాత్ర వేసినవాడు కూడా మధ్యలో డబ్బింగ్ చెబుతాడు, షార్ట్ ఫిల్మ్ చేస్తాడు, నాటకంలో చిన్న వేషం వేస్తాడు. గుర్తింపు ఉన్న సంస్థల్లో నటన పాఠాలు చెబితే 70 గంటల దాకా కలుపుకోవచ్చు. జీతం స్లిప్ లేకుండా స్నేహం కొద్దీ చేసిన పని ఎంతైనా లెక్కలోకి రాదు. భృతి ఇచ్చే సంస్థ పేరు 2024 నుంచి ఫ్రాన్స్ ట్రవాయ్.

ఈ ఆసరా లేకపోతే వచ్చిన ప్రతి పాత్రకూ ఒప్పుకోవాల్సి వచ్చేది. కథ నచ్చేదాకా ఆగే వీలు అక్కడి కొత్త నటులకు కొంతైనా ఉందంటే కారణం ఇదే.

ఏజెంట్ ఎంత తీసుకుంటాడు?

సాధారణంగా పారితోషికంలో 10 శాతం. అదనపు బాధ్యతలు ఒప్పందంలో రాసుకుంటే 15 దాకా. పేరు నమోదుకనో ఫొటోలకనో ముందుగా డబ్బు అడిగేవాడు ఏజెంట్ కాదు. ఈ ముక్క ఏ ఊళ్లోనైనా పనికొస్తుంది.

అక్కడ హిట్టు, ఫ్లాపు ఎలా చెబుతారు?

టికెట్ల సంఖ్యతో. ఎన్ని కోట్ల గ్రాస్, ఎంత షేర్ అన్న లెక్క అక్కడి పత్రికల్లో పెద్దగా కనపడదు, ఎంతమంది చూశారన్నదే రాస్తారు. కొత్త సినిమాలు బుధవారం విడుదలవుతాయి. 'ది యానిమల్ కింగ్‌డమ్' ఫ్రాన్స్‌లో పది లక్షల టికెట్లు దాటింది. దేశం మొత్తం మీద ఏడాదికి అమ్ముడయ్యే టికెట్లు సుమారు 18 కోట్లు (2023 లెక్క). స్టార్ హీరో కామెడీ కాని సినిమాకు పది లక్షలంటే పెద్ద విజయమే. ఆ తర్వాతి సినిమాకు అంత జనం రాలేదు, అయినా కిర్షేర్ మార్కెట్ పడిపోయిందని ఎవరూ రాయలేదు. సినిమా బరువు దర్శకుడి మీద, కథ మీద వేస్తారు, ఇరవై రెండేళ్ల కుర్రాడి మీద వేయరు.

ప్రతి టికెట్ మీద 10.72 శాతం పన్ను తీసి జాతీయ సినిమా కేంద్రానికి పంపుతారు, అది మళ్లీ కొత్త సినిమాలకు పెట్టుబడిగా వస్తుంది. హాలీవుడ్ సినిమా ఆడినా ఆ పన్ను తప్పదు. ఆ డబ్బే కొంత తిరిగొచ్చి, కొత్త ముఖాలతో సినిమా తీయాలనుకునే నిర్మాతకు ధైర్యమిస్తుంది.

ఓటీటీకి ఇంత ఆలస్యమెందుకు?

ఫ్రాన్స్‌లో సినిమా ఏ తెరకు ఎప్పుడు రావాలో ఒప్పందం ఉంది. 2022 ఒప్పందం ప్రకారం థియేటర్ విడుదల తర్వాత నాలుగు నెలలకు అద్దె వీడియో, ఆరు నెలలకు చందా కట్టి చూసే టీవీ ఛానెల్ కెనాల్ ప్లస్, పదిహేను నెలలకు నెట్‌ఫ్లిక్స్. నాలుగు వారాలకే ఫోన్‌లో చూడటం అలవాటైన మనకు ఇది వింత. ఈ గడువులు ఫ్రాన్స్ లోపలే వర్తిస్తాయి. ఇక్కడికి ఎప్పుడొస్తుందనేది హక్కులు ఎవరు కొన్నారన్న దాన్నిబట్టి ఉంటుంది.

'లాస్ట్ సమ్మర్'లో ఉన్నది ఇతనేనా?

కాదు, తమ్ముడు సామ్యుయెల్ కిర్షేర్. కత్రిన్ బ్రెయా తీసిన ఆ సినిమా 2023 కాన్ పోటీ విభాగంలో ఉంది. అదే ఉత్సవంలో, ప్రధాన పోటీకి పక్కన నడిచే 'అన్ సెర్తెన్ రిగార్' విభాగం అన్న సినిమా 'ది యానిమల్ కింగ్‌డమ్'తో మొదలైంది. 2024 సెజార్‌లో కొత్త నటుల ఐదుగురిలో అన్నదమ్ములిద్దరూ ఉన్నారు, ఇద్దరూ ఓడిపోయారు. పోలికలు బాగా దగ్గర, ఫొటో కింద పేరు చూసుకోండి.

ఫ్రాన్స్ వెళ్లి నటన చదవాలంటే?

భారతీయ విద్యార్థులు విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఫ్రెంచ్ ప్రభుత్వ సంస్థ క్యాంపస్ ఫ్రాన్స్ ద్వారా దరఖాస్తు చేయాలి. ఫ్రెంచ్ కనీసం బీ2 స్థాయి, అంటే ధారాళంగా మాట్లాడగలిగేంత లేకపోతే నటన క్లాసులో కూర్చోవడం వృథా, ఎందుకంటే ప్రవేశ పరీక్షలోనే నాటకం ఘట్టాలు అభినయించాలి. పారిస్‌లోని జాతీయ కన్సర్వేటరీలో చదువు ప్రభుత్వానిదే, కానీ వెయ్యికి పైగా వచ్చే దరఖాస్తుల్లో సీట్లు ఏటా ముప్పై చిల్లర. 1967లో మొదలైన కూర్ ఫ్లోరాన్ లాంటి ప్రైవేటు బడుల్లో చేరడం కొంత తేలిక, ఫీజు మాత్రం బరువు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ సినిమాలు ఎలా దొరుకుతాయి?

ఫ్రెంచ్ భాషా సాంస్కృతిక కేంద్రమైన హైదరాబాద్ అలియాన్స్ ఫ్రాన్సేజ్ ప్రదర్శనలను, ఏటా నవంబర్‌లో జరిగే గోవా సినిమా ఉత్సవం జాబితాను కనిపెట్టుకుని ఉండండి. ఓటీటీల్లో హక్కులు చేతులు మారుతుంటాయి. ఈ నెల ఉన్నది వచ్చే నెల ఉండకపోవచ్చు కాబట్టి ఇంగ్లీషు పేరుతో ఒకసారి, ఫ్రెంచ్ పేరుతో ఒకసారి వెతకండి. రెండోది చాలామంది మర్చిపోతారు.

ఉత్త 'యానిమల్' అని కొడితే అదే 2023లో వచ్చిన మన సందీప్ రెడ్డి వంగా హిందీ సినిమా వస్తుంది. అక్కడా తండ్రీ కొడుకుల గొడవే అనుకోండి, గోళ్లు మాత్రం వేరు. 'యానిమల్ కింగ్‌డమ్' అంటే 2010 నాటి ఆస్ట్రేలియా క్రైమ్ సినిమా, దాని పేరుతోనే వచ్చిన అమెరికన్ సీరియల్ ముందు పడతాయి. పేరు పక్కన దర్శకుడు కయే పేరో, 2023 అనో చేర్చండి. తెలుగు సబ్‌టైటిల్స్ మీద ఆశ పెట్టుకోకుండా ఇంగ్లీషువి ఎంచుకోండి. విడి ఫైల్‌గా దింపుకున్న సబ్‌టైటిల్ మాటకు ముందో వెనకో పడుతుంటే, సినిమా కాపీ సెకనుకు 24 ఫ్రేములదా, 25 ఫ్రేములదా చూడండి. యూరప్ టీవీ కాపీలు 25 మీద నడుస్తాయి. అరగంట తర్వాత తేడా నిమిషం దాటిందంటే కారణం దాదాపుగా అదే. అప్పుడు ముందుకూ వెనక్కూ జరిపితే లాభం లేదు, ఫ్రేమ్ రేటే మార్చాలి.